వరసల రిజిస్టరు

చింతలదొరువులో ఎవరూ ఎవరినీ ఉత్త పేరు పెట్టి పిలవరు. అలా పిలిస్తే కోపం వచ్చిందేమో అనుకుంటారు. కూరగాయల బండి మీరాబీ వీధి మొత్తానికి అత్త. చర్చి పక్కన ఉండే రిటైర్డు నర్సు సుగుణమ్మ, తన చేతుల మీద పుట్టిన పిల్లలకీ పిన్నే, ఆ పిల్లల తాతలకీ పిన్నే. కోవెల పూజారి, మసీదులో అజాన్ ఇచ్చే పెద్దాయన ఒకరినొకరు 'బావా' అనుకుంటారు. ఇద్దరివీ తెల్లారకముందే లేవాల్సిన ఉద్యోగాలు కాబట్టి టీ అంగడి దగ్గర మొదలైన వరస అది. ఇవన్నీ ఎప్పుడు కలిశాయో, ఎవరు కలిపారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామని కూడా ఎవరికీ తోచలేదు.

ఇలాంటివి తోచడానికే పైన ఆఫీసులు ఉంటాయి.

మున్సిపాలిటీలో జనన మరణాల సెక్షను చూసే కోటిరత్నం ఆ రోజుల్లో మహా సంబరంగా ఉంది. ఒక్కగానొక్క కూతురు సుచరితకు పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి ఇంకా రెండు నెలలుంది, మున్సిపల్ కల్యాణమండపం దొరికింది, వంటవాళ్ళు దొరికారు. ఒక్క పని గురించి మాత్రం ఆమెకు ఆలోచనే లేదు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. కోటిరత్నానికి అన్నదమ్ములు లేరు. కానీ ఎదురింట్లో కాలేషా ఉన్నాడు.

కాలేషా కరెంటు మోటార్లకు వైండింగ్ కడతాడు. కోటిరత్నం కాపురానికి వచ్చిన మొదటి రోజున పంపు చెడి, నీళ్ళు రాక, ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో నిలబడ్డ కొత్తకోడల్ని చూసి "ఏం చెల్లెమ్మా, మోటారు కాలిందా?" అన్నాడు. ఆ రోజునుంచి ఆమెకు అన్న ఉన్నాడు. సుచరితకు చెవులు కుట్టించింది అతని ఒళ్ళోనే. ఓణీల పండక్కి భార్య బీబీజాన్‌ని వెంటబెట్టుకుని పట్టులంగా తెచ్చింది అతనే. గంప మోసేది కూడా అతనేనని ఎవరూ ఎవరితోనూ అనలేదు. తెల్లారితే పొద్దు పొడుస్తుందని ఎవరు మాత్రం చెప్పుకుంటారు?

ఈ సంబరం మధ్యలో సర్క్యులర్ వచ్చింది.

సర్వమత సామరస్య, పరస్పర గౌరవ ప్రోత్సాహక మిషన్ వారు పంపిన పదకొండు పేజీల సర్క్యులర్ అది. కమిషనర్ విద్యాధర్ సిబ్బందినంతా హాల్లోకి పిలిచి స్వయంగా చదివి వినిపించాడు. వేర్వేరు మతాల పౌరులు పరస్పరం బంధుత్వ పదాలతో సంబోధించుకొనుట ఈ ప్రాంతపు అమూల్య సంపద అనిన్నీ, ఇంతటి సంపద ఏ రికార్డూ లేకుండా నోటిమాటగా పడి ఉండుట శోచనీయమనిన్నీ, కావున సదరు వరసలన్నిటినీ తొంభై రోజుల్లో నమోదు చేసి ధ్రువపత్రాలు జారీ చేయవలెననిన్నీ దాని సారాంశం.

"మన ఊళ్ళో సామరస్యం ఉందని మనం అనుకుంటే సరిపోదు," అన్నాడు కమిషనర్. "నమోదు కాని సామరస్యాన్ని పై అధికారులు ఘర్షణగానే పరిగణిస్తారు. అన్నీ సవ్యంగా జరిగితే రాష్ట్రంలోనే మొట్టమొదటి సామరస్య పట్టణం మనదవుతుంది. కోటిరత్నంగారూ, పుట్టేవాళ్ళనీ పోయేవాళ్ళనీ మీరే రాస్తున్నారు కదా, మధ్యలో ఉండేవాళ్ళని కూడా మీరే రాసేయండి."

అలా వరసల రిజిస్టరు కోటిరత్నం బల్ల మీదికి వచ్చింది. ఆమె సంతోషంగానే తీసుకుంది. తమ ఊరి మంచితనం కాగితం మీదికి ఎక్కుతుందంటే ఎవరికి చేదు?

సర్వేకి వెళ్ళినవాళ్ళు ఇంటింటా కుటుంబ పెద్దని మాత్రమే అడిగారు. ఒక ఇంటికి ఒక సమాధానమే రాయాలని ఫారంలో ఉంది. కోటిరత్నం ఇంట్లో కుటుంబ పెద్ద ఆమె భర్త రమణయ్య, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రమణయ్యా కాలేషా ఒకే బెంచీలో చదువుకున్నారు. రమణయ్య ఆరు నెలలు పెద్ద. అందుకని మొదటినుంచీ "తమ్ముడూ" అంటాడు. సర్వేవాళ్ళకూ అదే చెప్పి, వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపాడు. మధ్యాహ్నం ఆఫీసులో కోటిరత్నం ఉద్యోగుల ఫారం నింపుతూ అదే కాలేషా పేరు పక్కన 'అన్న' అని రాసింది.

రెండు కాగితాలూ ఒకే కంప్యూటర్లోకి వెళ్ళాయి. రాజధానిలో తయారై వచ్చిన ఆ ప్రోగ్రాముకి వావివరసలన్నీ కంఠతా వచ్చు. రెండు నిమిషాలు ఆలోచించి ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం చూపించింది.

కాలేషా భర్తకు తమ్ముడు, భార్యకు అన్న. కావున సదరు భార్యాభర్తలు అన్నాచెల్లెళ్ళు. వరస తప్పినది.

కోటిరత్నం కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. అది అలాగే ఉంది. ఆ సాయంత్రానికి ఊళ్ళో అన్నాచెల్లెళ్ళుగా తేలిన దంపతుల సంఖ్య పదకొండు వందల నలభై. పూజారి తన భార్యకు మేనల్లుడయ్యాడు. సుగుణమ్మ పిన్ని అందరికీ పిన్ని కావడంతో, తండ్రీకొడుకులంతా అన్నదమ్ములైపోయారు. రాష్ట్రంలోనే మొట్టమొదటి సామరస్య పట్టణం కావాల్సిన చింతలదొరువు, రికార్డుల ప్రకారం, రాష్ట్రంలోనే వావివరసలు బొత్తిగా లేని ఊరుగా తేలింది.

కమిషనర్ బెదరలేదు. అధికారికి చిక్కు కొత్త కాదు. వరస తప్పిన దంపతులకు సంజాయిషీ నోటీసులు పంపించాడు. వరసల సవరణ మేళా పెట్టించాడు. మేళాలో మీరాబీ లైనులో నిలబడి, తను ఎవరెవరికి అత్తగా ఉండటం మానుకోవాలో టిక్కు పెట్టమంటే కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇన్నేండ్లకు నా పిల్లోళ్ళలో ఎవురు అక్కర్లేదో చెప్పమంటుండారా?" అని అడిగి, కాగితం బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

సవరణ పూర్తయ్యేలోపు ఎవరూ తప్పు వరసలో పిలుచుకోకుండా ఒక తాత్కాలిక ఉత్తర్వు కూడా వచ్చింది. వరస పెండింగులో ఉన్న పౌరులు ఒకరినొకరు 'గౌరవనీయ పొరుగువారూ' అని సంబోధించవలెను. గౌరవమూ ఉంటుంది, చిక్కూ ఉండదు. మర్నాడు చేపల మార్కెట్లో, "గౌరవనీయ పొరుగువారూ, వంజరాలు ఇప్పుడే దిగినాయి, చూసి పోండి," అన్న కేక వినిపించింది. కొనేవాళ్ళకు నవ్వాగక బేరం చెయ్యడం మర్చిపోయారు. మొదట్లో ఇలాగే నవ్వులాటగా సాగింది. వారం తిరిగేసరికి నవ్వు తగ్గింది. అంత పొడుగు మాట ఎవరికి తీరుతుంది? పిలవడమే తగ్గించేశారు. టీ అంగడి దగ్గర పూజారీ, అజాన్ పెద్దాయనా ఎదురుబొదురుగా కూర్చుని తాగి, తలలూపుకుని వెళ్ళిపోతున్నారు.

దీన్ని కూడా కమిషనర్ నివేదికలో రాశాడు. పట్టణంలో ఇటీవల ఎటువంటి వాగ్వాదాలూ లేవని.

కోటిరత్నానికి ఇదంతా కొంచెం బాధగానూ కొంచెం వినోదంగానూ ఉండేది, కమిషనర్ ఆమెను గదిలోకి పిలిపించేదాకా.

"శుభవార్త అండీ," అన్నాడు కమిషనర్. "మిషన్ జాయింట్ డైరెక్టరుగారు తనిఖీకి వస్తున్నారు. మీ అమ్మాయి పెళ్ళిని నమూనా సామరస్య వివాహంగా ఎంపిక చేశాను. ముస్లిం సోదరుడు హిందూ వధువు గంపను మోయడం. ఇంతకన్నా ఏం కావాలి? ఫొటోలు కూడా తీయిస్తున్నాం."

కోటిరత్నానికి సంతోషమే వేసింది. కమిషనర్ కాగితం తిరగేశాడు.

"అయితే చిన్న సాంకేతిక సమస్య. కుటుంబ పెద్ద వాంగ్మూలానికే చెల్లుబాటు. దాని ప్రకారం కాలేషాగారు వధువుకు బాబాయి. బాబాయి గంప మోస్తే జె.డి.గారి దగ్గరున్న యంత్రం ఒప్పుకోదు. పట్టణం మొత్తం అనర్హమవుతుంది. మండపం కూడా మున్సిపాలిటీది కాబట్టి, నమోదైన వరసకు విరుద్ధంగా క్రతువు జరగనివ్వడానికి నాకు అధికారం లేదు. మీరే సరిచేయించుకోండి. రిజిస్టరు మీ చేతిలోనే ఉంది కదా."

ఉంది. కోటిరత్నం ఆ మధ్యాహ్నమంతా దానితోనే కుస్తీ పట్టింది. వరస మార్చాలంటే కారణం చెప్పమంది కంప్యూటరు. మూడే కారణాలు ఇచ్చింది: పెళ్ళి, దత్తత, మరణం. సహాయం కోసం ఇచ్చిన నంబరుకు ఫోను చేసింది. అవతల గొంతు ఎంతో మర్యాదగా ఉంది.

"దత్తత పెట్టేయండి మేడమ్. మీ నాన్నగారు కాలేషాగారిని దత్తత తీసుకుంటే ఆయన మీకు అన్నగారవుతారు."

"మా నాన్న పోయి పదకొండేళ్ళయిందండీ."

"అయితే మరణం నొక్కండి మేడమ్."

"నాన్నదా?"

"కాదు మేడమ్, కాలేషాగారిది. ఆయన మరణిస్తే పాత వరస దానంతటదే రద్దవుతుంది. మరుసటి పనిదినం ఆయన్ని కొత్త పౌరుడిగా చేర్చి మీకు నచ్చిన వరస ఇచ్చుకోవచ్చు. అందరూ అలాగే చేస్తున్నారు."

కోటిరత్నం సెక్షనే జనన మరణాలది. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో పోయినవాళ్ళందరినీ తన చేత్తోనే రాసింది. ఆ మీట నొక్కడం ఆమెకు చాతకాని పని కాదు. వేలు దాని మీద పెట్టింది కూడా. కిటికీలోంచి ఎదురుగా రోడ్డు మీద కాలేషా, సైకిలు వెనక మోటారు కట్టుకుని, ఎవరితోనో నవ్వుతూ పోతున్నాడు. ఆమె వేలు తీసేసింది. ఫోను పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంటికి వెళ్ళి మొగుడి మీద విరుచుకుపడింది. "బావ అని చెప్పుంటే నీ సొమ్మేం పొయ్యుండేది?"

"వాణ్ణి బావ అని ఎప్పుడన్నా అన్నానా నేను? అడిగినారు, ఉన్నది చెప్పినా," అన్నాడు రమణయ్య. ఆయన తప్పేమీ లేదని ఆమెకూ తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

సంగతి ఎలా తెలిసిందో, సాయంత్రం కాలేషాయే వచ్చాడు. ఎప్పుడూ లోపలికి వచ్చి మంచినీళ్ళ కుండ దగ్గర కూర్చునేవాడు, ఆ రోజు అరుగు మీదే కూర్చున్నాడు.

"చూడు చెల్లెమ్మా, గంపకోసం మండపం పోగొట్టుకోమాక. ఇప్పుడు ఇంకో మండపం యాడ దొరుకుతుంది? నేను ముందు వరసలో కుర్చీ ఏసుకోని కూర్చుంటా. నా కండ్ల ముందరే గదా పెండ్లి అయ్యేది."

"నువ్వు కూర్చోని చూస్తావా అన్నయ్యా?"

"చూస్తాలే," అన్నాడు. అని, చేతికంటిన గ్రీజు వైపు చూసుకున్నాడు. లేచి వెళ్ళిపోయాడు. కోటిరత్నానికి అంత దుఃఖం తండ్రి పోయినప్పుడు కూడా రాలేదు.

మరి గంప మోసేదెవరు? ఆ సంగతి కమిషనర్ చూసుకున్నాడు. రికార్డులో ఒక్క తప్పయినా లేని మనిషి కోసం కంప్యూటర్ని వెతకమన్నాడు. ఊరంతా గాలించి అది ఒకే ఒక్క పేరు ఇచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ జగన్నాథం. బదిలీ మీద వచ్చి మూడు వారాలైంది. ఇంకా ఎవరితోనూ మాట్లాడలేదు. హోటల్లో కూడా వేలితో చూపించి తినేవాడు. అందువల్ల ఆయనకు ఊళ్ళో ఎవరితోనూ ఏ వరసా తప్పలేదు, సామరస్యంలో నూటికి నూరు మార్కులు వచ్చాయి. ఆయనను కోటిరత్నానికి అన్నగా నమోదు చేసి ధ్రువపత్రం ఇచ్చారు. గంపకు రెండో పక్క కమిషనర్ జీపు డ్రైవరును నియమించారు. డ్రైవరు ప్రభుత్వ వాహనంలో అంతర్భాగం కాబట్టి అతనికి వరస అక్కర్లేదని తేల్చారు.

జగన్నాథం కోటిరత్నం దగ్గరికి వచ్చి, చింతలదొరువులో తన మొట్టమొదటి మాట మాట్లాడాడు.

"అమ్మా, నాకు నడుం నొప్పి. బెల్టు కట్టుకుంటాను."

పెళ్ళిరోజు రానే వచ్చింది. మండపం కళకళలాడుతోంది గానీ, వచ్చినవాళ్ళు ఒకరినొకరు ఏమని పిలవాలో తెలియక నమస్కారాలతో సరిపెట్టుకుంటున్నారు. మిషన్ జాయింట్ డైరెక్టర్ యెలీషా ప్రసాదరావు ముందు వరసలో, చేతిలో పలక లాంటి యంత్రంతో కూర్చున్నాడు. పక్కనే కమిషనర్. మరో రెండు కుర్చీల అవతల ఇస్త్రీ చొక్కా వేసుకున్న కాలేషా. అతను చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కోటిరత్నం అటు చూడలేకపోయింది.

పురోహితుడు కేక పెట్టాడు. "ముహూర్తం దగ్గరపడుతోంది. మేనమామగార్లు పెళ్ళికూతుర్ని తీసుకురావాలి."

ముందు కుర్చీల వరసకు పక్కనే ఉన్న గది గుమ్మంలోంచి గంప బయల్దేరాలి. గంపలో సుచరిత కూర్చుంది. ఒక పక్క జగన్నాథం నిలబడ్డాడు. రెండో పక్క ఎవరూ లేరు. స్వాగత ద్వారం మీద జె.డి.గారి పేరు తప్పు పడిందని, కొత్త బ్యానరు తెమ్మని కమిషనరే డ్రైవరును పంపించాడు.

"రెండో మేనమామ ఏడీ?" అన్నాడు పురోహితుడు.

"దారిలో ఉన్నారు," అన్నాడు కమిషనర్. "ఈలోగా ఒకటో మేనమామ పని ప్రారంభించవచ్చు."

జగన్నాథం బెల్టు బిగించుకుని, గంపను వాటేసుకుని ఎత్తాడు. గంప జానెడు లేచింది. ఆయన నడుం అక్కడే ఆగిపోయింది. "అమ్మా" అన్న ఆ ఒక్క మాటతో ఆయన కింద కూర్చున్నాడు, గంప పక్కకి ఒరిగింది, అందులోని కొబ్బరి బోండాం పెళ్ళికూతురి ఒళ్ళోంచి దొర్లి కమిషనర్ బూట్ల దగ్గరికి వెళ్ళి ఆగింది. సుచరిత గంప అంచు రెండు చేతులా పట్టుకుని ఎదర కుర్చీల వైపు చూసింది.

"మామా, పడిపోతుండా," అంది.

మండపంలో ఎందరో ఉన్నారు. ఆ పిల్ల పిలిచింది ఎవర్నో అందరికీ తెలుసు.

కాలేషా కుర్చీలోంచి లేచాడా, కుర్చీయే ఎగిరిందా ఎవరూ చూడలేదు. పది గుర్రాల మోటార్లు ఎత్తిన చేతులు గంపకు ఒక పక్క పడ్డాయి. రెండో పక్కకి ఒక మనిషి కావాలి. దగ్గరలో ఉన్నవాడు ఎవడో, ఏ హోదావాడో చూసే తీరిక ఎక్కడుంది?

"చూస్తుండావేంది బావా, ఆ పక్క పట్టు," అన్నాడు.

యెలీషా ప్రసాదరావు చేతిలోని యంత్రాన్ని కమిషనర్ ఒళ్ళో పడేసి, ఆ పక్క పట్టాడు.

ఇద్దరూ గంపను భుజాల ఎత్తుకి లేపారు. "మెల్లిగా బావా, మెట్టు ఉండాది," అని కాలేషా అంటుంటే, ఆయన "చూసినాలే, నువ్వు ముందుకు నడూ," అంటూ, చెమటలు కక్కుతూ, పెళ్ళిపీటల దాకా తెచ్చాడు. బాజాలవాళ్ళు ఎవరూ చెప్పకుండానే వాయించారు. వెనకనుంచి సుగుణమ్మ, "ఒరే అబ్బాయిలూ, జాగ్రత్తరా," అని అరిచింది. ఆ అరుపుతో ఎవరికో నోరు తెరుచుకుంది. "అత్తా, అచ్చింతలు ఇటియ్యి" అన్నారు. "బావా, జరుగు, కనపడ్డం లా" అన్నారు. "పిన్నీ", "మామా", "వదినా" అంటూ నెలన్నర రోజులుగా నోట్లోనే దాచిపెట్టుకున్నవన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఆ గోలలో పురోహితుడి మంత్రాలు ఆయనకే వినపడలేదు. కోటిరత్నం ఏడుస్తోంది, నవ్వుతోంది, అక్షింతలు చల్లాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో చల్లుతోంది.

తాళి కట్టడం అయింది. భోజనాలు మొదలయ్యాయి. అప్పుడు కమిషనర్ కోటిరత్నం దగ్గరికి తనిఖీ నివేదిక తెచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నిబంధనల ప్రకారం రిజిస్టరు నిర్వహించే ఉద్యోగి ఈ మూడు గడులూ నింపాలి. దానిమీద జె.డి.గారు సంతకం పెట్టాలి. నాకేం తెలియదండీ. నేను కొబ్బరి బోండాం తీస్తున్నాను, చూడలేదు."

వధువును తెచ్చినవారు అన్న గడిలో కోటిరత్నం 'షేక్ కాలేషా' అని రాసింది. కలం ఆపలేదు. వధువుకు వరస అన్న చోట 'మేనమామ' అని రాసింది. మూడో గడి, ఆధారం. దత్తత పత్రమో, కుటుంబ పెద్ద వాంగ్మూలమో, మరణ ధ్రువపత్రమో ఉండాల్సిన గడి అది. అందులో ఇరవై ఆరేళ్ళ అలవాటుతో గుండ్రంగా రాసింది: 'పిల్ల పిలిచింది.'

చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గర నిలబడ్డ యెలీషా ప్రసాదరావుకి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన అరచేతుల్లో వెదురు గీతలు ఎర్రగా కనిపిస్తున్నాయి. తడి చేతులు రుమాలుకి తుడుచుకుని, ఒకసారి చదివాడు. మూడో గడి ఇంకోసారి చదివాడు.

"ఇది ఏ నిబంధన కిందికి వస్తుందమ్మా?"

"మీరు గంప పట్టింది ఏ నిబంధన కింద సార్?"

ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు. కాగితాన్ని గోడకు ఆనించి పట్టుకుని, జేబులో కలం కోసం వెతుక్కున్నాడు. భోజనాల హాల్లోంచి కాలేషా గొంతు వినిపించింది.

"బావోయ్, ఆకులేస్తుండారు. నీకు చోటు పట్టినా. ఇంకా యాడుండావు?"

యెలీషా ప్రసాదరావు సంతకం పెట్టి, కింద తేదీ వేసి, కాగితం కోటిరత్నం చేతికిచ్చాడు.

"వస్తుండా బావా," అని లోపలికి కేకేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ భోజనానికి వెళ్ళాడు.